అర్బాబ్ తుపాకికి పైపు క్లాంపు

ఆల్బమ్ ఇలా ఇవ్వండి ముందు! చూసింది చాలు. టీ చల్లారిపోతోంది, తాగండి.

మీరేం అడగబోతున్నారో నాకు తెలుసు. ఇన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా పెళ్లికొడుకు కుడికన్ను కనపడదేంటి, బాసికం కుడి కనుబొమ్మ మీదికి జారిపోయిందేంటి, అంతే కదా? ఫోటోగ్రాఫర్ తాగలేదు, పంతులుగారికి చత్వారమూ లేదు. తప్పంతా నా నోటిది. ఈ నోటికి 'తెలీదు' అనే మాట తిరగదండీ బాబూ! మా అమ్మ అనేది, "ఒరేయ్ సత్తిబాబూ, చంద్రమండలానికి దారెటు అని అడిగినా రెండో సందులో తిరగమంటావురా నువ్వు" అని.

మీరు ఇక్కడ దుబాయ్ కుసైస్‌లో ఉంటారు, మా ఉమ్ అల్ క్వైన్ సంగతులు మీకు తెలీవు. మాది ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న వర్క్‌షాపు. పైపుల్ని పట్టి ఉంచే సపోర్టులు, క్లాంపులు చేస్తాం. పదకొండేళ్లుగా నేనక్కడ ఫోర్‌మన్ని. మా ఓనరు లోకల్ మనిషి, అందరం అర్బాబ్ అంటాం. యాభై దాటాయి. మంచోడే. జీతం ఆపడు, నోరు జారడు. ఒక్కటే జబ్బు. సంతకం అంటే చాలు, 'బుక్రా' అంటాడు. రేపు అని. ఆ రేపు మాత్రం రాదు.

అప్పుడేమో మాఘమాసంలో నా పెళ్లి పెట్టుకున్నారు. ముప్పై నాలుగేళ్లకి కుదిరిన సంబంధం! నవ్వకండి, ముందు రెండు సంబంధాలు లీవు దొరక్కే తప్పిపోయాయి. ఈసారి అమ్మాయి పేరు లక్ష్మి, కోనసీమ పిల్లే. వాళ్ల నాన్న ఫోన్లో ఖరాఖండీగా చెప్పేశాడు. "బాబూ, ముహూర్తానికి వారం ముందు నువ్విక్కడ దిగకపోతే నా పిల్లకి వేరే సంబంధం చూసుకుంటాను. మళ్లీ అనుకోకూడదు." పాస్‌పోర్టేమో అర్బాబ్ సొరుగులో ఉంది. లీవు కాగితమేమో అర్బాబ్ బల్ల మీద ఉంది. ముహూర్తం ఇరవై రోజుల్లో ఉంది. రోజూ పొద్దున్నే వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడేవాణ్ణి.

"బుక్రా సత్తీ, బుక్రా."

అలా ఉండగా ఓ ఆదివారం అర్బాబ్ పొడుగాటి సంచీ ఒకటి మోసుకుని వర్క్‌షాపులోకి వచ్చాడు. విప్పితే తుపాకి! లైసెన్సున్న వేట తుపాకేనండి. చలికాలం వస్తే లోకల్ వాళ్లకి తోటల్లో, ఇసుకలో అట్టముక్కలు నిలబెట్టి గురి చూసుకోవడం సరదా. తుపాకితో పాటు ఓ పెట్టె, అందులో స్కోపు. దూరంగా ఉన్నది దగ్గరగా కనిపించే గొట్టం. దాన్ని తుపాకి మీద నిలబెట్టాలంటే రెండు రింగులు కావాలి, ఆ రింగులు తుపాకి మీది గాడిని పట్టుకోడానికి కింద మౌంటు కావాలి. పెట్టెలో వచ్చినవి ఈ తుపాకికి పట్టలేదు.

"శుక్రవారం నా బావమరిదితో పోటీ," అన్నాడు అర్బాబ్. "మూడేళ్లుగా వాడే గెలుస్తున్నాడు. సత్తీ, ఈ పని నీకు తెలుసా?"

నిజం చెప్పాలంటే తుపాకిని అంత దగ్గర్నుంచి చూడ్డం అదే మొదటిసారి. అంతకుముందు మా ఊరి బ్యాంకు గార్డు భుజాన చూశాను, అంతే.

"మాఫీ ముష్కిల్ అర్బాబ్!" అన్నాను. సమస్యే లేదన్నమాట!

"గురువారానికి బిగించి ఇస్తే అక్కడికక్కడే నీ లీవు కాగితం మీద సంతకం. వల్లా!"

ఒట్టేశాడండీ! నాకు ఒళ్లంతా బాజాలు మోగాయి.

మర్నాడు స్కోపు పట్టుకుని షార్జాలో వేట సామాన్ల షాపుకి వెళ్లాను. కౌంటర్లో నడివయసు మలయాళీ ఆయన. రింగులు కావాలనేసరికి ప్రశ్నలు మొదలెట్టాడు.

"ట్యూబు ఎంత భాయ్? ఒక ఇంచా, ముప్పై ఎమ్మెమ్మా?"

పెట్టె మీద రాసుంది, చూసి చెప్పాను. ఒక ఇంచి.

"తుపాకి మీద గాడి సన్నదా, వెడల్పుదా? అడ్డంగా కోతలున్నాయా?"

"కోతలున్నాయి."

"ఎత్తు ఎంత కావాలి? లో, మీడియమ్, హై ఉన్నాయి."

"ఏది మంచిదైతే అది ఇవ్వండి."

"మంచిది, చెడ్డది అని ఉండదు భాయ్. స్కోపు ముందరి అద్దం తుపాకి గొట్టానికి తగలకూడదు. అది చూసుకుని, ఎంత కిందికి ఉంటే అంత నయం. చెంప తుపాకి వెనక చెక్క మీద ఆనాలి, కన్ను దానంతటది అద్దం ఎదురుగా రావాలి. కంటికీ అద్దానికీ నాలుగు వేళ్ల దూరం ఉండాలి. బిగించాక వెంట్రుకవాసి కూడా కదలకూడదు. నీకెందుకు తంటా, మీ అర్బాబ్‌నే తుపాకితో రమ్మను. పది నిమిషాల్లో బిగించి ఇస్తాను."

అని రెండు రింగులు తీసి నా అరచేతిలో పెట్టాడు. బరువే లేదు! అల్యూమినియం! నాకు మండిపోయింది. పెద్ద పెద్ద పైపులైన్లని ఏళ్ల తరబడి మోసే క్లాంపులు చేసిన చేతులండీ ఇవి. ఈ చేతుల్లో అప్పడంలాంటి రెండు రింగులు పెట్టి, పైగా పది నిమిషాల్లో బిగిస్తాడట! ఇవి మా వర్క్‌షాపులో నేను చేసుకోలేనా? "ఆలోచించుకుని వస్తాను" అని గంభీరంగా చెప్పి వచ్చేశాను.

బుధవారం పొద్దున్న మొదలెట్టాను. నా పక్కన యాదగిరి ఉన్నాడు. నా రూమ్మేటే, కరీంనగర్ వైపు వాడు, వెల్డరు. మంచి మందం ఇనుప పట్టీ తీసుకున్నాను, ఒక ఇంచి పైపు క్లాంపు కొలతకి వంచేశాను. ఇక్కడ మా లైన్లో ఓ సంగతి ఉంది. ఒక ఇంచి పైపు అంటే లోపలి లెక్క. బయట కొలిస్తే ముప్పై మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. తుపాకుల వాళ్లేమో ఇంచి అంటే బయట కొలిచే ఇంచి, పాతిక మిల్లీమీటర్లు చిల్లర. స్కోపు పక్కనే ఉంది, కొలిచి చూడొచ్చుగా? కొలవడమా, నేనా!

క్లాంపులో స్కోపు పెడితే ఇటు నుంచి అటు జారిపోయి యాదగిరి ఒళ్లో పడింది.

"సత్తన్నా," అన్నాడు వాడు, "గిది ముసలవ్వ చేతికి గాజేసినట్టున్నది గదనే."

"నోర్మూసుకో. రబ్బరు వేస్తే సరి."

క్లాంపు లోపల నల్ల రబ్బరు షీటు అతికించాను. ఇప్పుడు సరిపోయింది. ఇక్కడే నా అసలు తెలివి బయటికొచ్చింది. పైపుల పనిలో మొదటి పాఠం ఏంటో తెలుసా? పైపుని ఊపిరాడకుండా బిగించకూడదు. ఈ ఎండలకి ఇనుము సాగుతుంది. దానికి కదలడానికి చోటు వదలాలి. వదలకపోతే వెల్డింగులు ఊడి చేతికొస్తాయి. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మాట ఇదే. ఇదేమో ఎడారిలో తుపాకి. పేలితే వేడెక్కుతుంది, వేడెక్కితే సాగుతుంది. అంచేత రెండు క్లాంపుల్లోనూ కాగితం మందం సందు వదిలాను. స్కోపు ముందుకీ వెనక్కీ వెన్నలా జరుగుతోంది. చూసి మురిసిపోయాను.

"అన్నా, కదలొద్దని దుకాణపాయన చెప్పిండంటివి గదా?" అన్నాడు యాదగిరి.

"ఆయన అమ్ముకునేవాడురా. మనం పని తెలిసినవాళ్లం."

"తుపాకి పని తెల్వదని అర్బాబ్‌కు ఒక్కమాట చెప్తే ఏం పోతదే?"

"నా పెళ్లి పోతుంది!"

కింద బోల్టు తలలు పట్టాలి కాబట్టి ఎత్తు పెంచాను. లోనా, మీడియమా, హైయా అన్నాడు కదా షాపాయన? నాది ఆ మూడింటికీ పైన. చివర్లో అలవాటు చొప్పున తుప్పు పట్టకుండా ఎర్ర రెడాక్సైడ్ రంగు కూడా రెండు పూతలు కొట్టేశాను.

గురువారం మధ్యాహ్నం అర్బాబ్ తోటకి వెళ్లాం. అక్కడే ఆయన ముందు తుపాకి మీద క్లాంపులు బిగించి, స్కోపు దూర్చాను. పోటీ రేపే అయినా బావమరిది ఈ రోజే వచ్చి చాప మీద కూర్చున్నాడు, ఫ్లాస్కులో గావా కాఫీ, పక్కన ఖర్జూరాలు. అర్బాబ్ తుపాకిని ఓసారి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"సత్తీ, ఏంటిది?"

"హెవీ డ్యూటీ అర్బాబ్!"

బావమరిది దగ్గాడు. అర్బాబ్ బోర్లా పడుకుని తుపాకి పట్టాడు. నా క్లాంపుల ఎత్తుకి చెంప చెక్కకి అందక, గెడ్డం పైకెత్తి గాల్లో పెట్టుకుని చూడాల్సొచ్చింది పాపం. కాల్చాడు. అట్టముక్క అట్టముక్కలాగే ఉంది.

"బొమ్మ నల్లబడిపోయింది," అన్నాడు. తల కాస్త ముందుకి జరిపితే మళ్లీ కనపడిందట. రెండోసారి కాల్చాడు. ఇసుక లేచింది. బావమరిదికి నవ్వుతో గావా పొలమారింది.

"సత్తీ, నేను ముందుకెళ్లేకొద్దీ బొమ్మ పారిపోతోంది!"

జరిగిందేంటంటే, నాకు తర్వాత తెలిసిందనుకోండి, తుపాకి పేలినప్పుడు వెనక్కి తంతుంది. తుపాకి వెనక్కొచ్చేసింది, స్కోపేమో నేను వదిలిన సందు పుణ్యమా అని ఉన్నచోటే ఉండిపోయింది. అంటే తుపాకి మీద ముందుకి జరిగిందన్నమాట. రెండు దెబ్బలకి రెండంగుళాలు జరిగి, దాని నడుముకున్న నాబు ముందు క్లాంపుకి తగిలి ఆగింది. ఇంక జరగడానికి చోటు లేదు. మూడోసారి పేలితే తుపాకితో పాటు అదీ వెనక్కి రావాల్సిందే. ఆ మూడోసారి ఎవరిదనుకుంటున్నారు?

"లేవండి అర్బాబ్, నేను చూస్తాను," అన్నాను.

పడుకున్నాను. చూస్తే చుట్టూ నలుపు, మధ్యలో చిన్న వెలుగు. నాకేమో సైట్‌లో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్లోంచి చూసే అలవాటు. దానికి కన్ను ఆనిస్తేగానీ చూసినట్టుండదు. అలాగే ముందుకి పాకి, కనుబొమ్మ గొట్టం అంచుకి ఆనించేశాను. అబ్బ, ఏం కనిపించిందండీ! అట్టముక్క మీద పాకుతున్న చీమ కూడా కనిపించింది.

"బాగుందా?" అన్నాడు అర్బాబ్.

"ఫస్ట్ క్లాస్ అర్బాబ్!"

"అయితే కాల్చు. కాల్చడం తెలుసా?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా! పక్కన బావమరిది నవ్వుతూ చూస్తున్నాడు. నా క్లాంపులు, నా పరువు.

"మాఫీ ముష్కిల్!"

ధన్‌మంది. పోస్టాఫీసులో కవరు మీద ముద్ర గుద్దినట్టు నా కనుబొమ్మ మీద ఎవరో గుద్దారు. ఒక్క క్షణం నేనెవరో నాకే తెలీలేదు. కన్ను మీదుగా వెచ్చగా కారుతోంది. బావమరిది నవ్వు ఆగిపోవడం మాత్రం వినిపించింది.

అర్బాబ్ తలగుడ్డ తీసి నా మొహానికి అదిమిపెట్టి, జీపులో పడేసి క్లినిక్‌కి తోలాడు. తెల్లటి గుడ్డ ఎర్రగా అయిపోయింది. ఇక ఖలాస్ అనుకున్నాను. సంతకం పోయింది, లక్ష్మి పోయింది, కన్ను కూడా పోయిందేమో! నిజంగా ఏడుపొచ్చిందండీ, దాచుకోవడం ఎందుకు? మిగిలిన కంట్లోంచి వచ్చింది.

క్లినిక్‌లో నర్సు మనావిడే. నర్సాపురం దగ్గర, మేరీ సిస్టర్. గుడ్డ తీసి చూసి, "తెలుగువారా అండి? స్కోపు దెబ్బేనా?" అంది.

"మీకెలా తెలుసండీ?"

"చలికాలంలో అప్పుడప్పుడూ వస్తుంటారండి. అందరికీ ఇలాగే నెలవంక దిగుతుంది. కన్నుకేం కాలేదు, ప్రభువు దయ. అయితే రక్తం తుడిచినా ఈ ఎరుపు పోవట్లేదేంటండీ?"

"అది రెడాక్సైడ్ అండి."

ఆవిడ చేతిలో దూది పడేసి అవతలికి తిరిగి నవ్వింది. భుజాలు ఊగుతుంటే తెలిసిపోదా? మూడు కుట్లు వేసింది. పెళ్లి పదహారు రోజుల్లో ఉందని చెప్తే, "మచ్చ ఉంటుందండి. బాసికం కడతారుగా, కాస్త పక్కకి సర్దించుకోండి," అని ఉపాయం కూడా ఆవిడే చెప్పింది.

క్లాంపుల సంగతి నా చేత చెప్పించుకుని, ఇదంతా ఎలా జరిగిందో ఆవిడ అర్బాబ్‌కి హిందీలో వివరించింది. వదులుగా ఉన్న స్కోపు, గొట్టానికి ఆనించిన కన్ను. అర్బాబ్ కాసేపు నా కుట్లకేసే చూశాడు. ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి, "అల్‌హమ్‌దులిల్లా!" అన్నాడు.

నా కన్ను దక్కినందుకు అంత సంతోషమా అని నాకు గుండె కరిగిపోయింది.

"రేపు చుట్టాలందరి ముందు, నా బావమరిది ముందు, ఇది నా మొహానికి తగలాల్సింది సత్తీ!" అన్నాడు.

సంతకం పెడదామని తోటకి తెచ్చుకున్న లీవు కాగితం జీపులోంచి తెప్పించాడు. మేరీ సిస్టర్ జేబులో పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద పెన్ను ఆనించి ఆగాడు.

"ముందు నువ్వో మాట అను. మా అదరి."

అంటే నాకు తెలీదు అని. మూడుసార్లు అనిపించాడండీ నాతో! ఇక గొప్పలకి పోనని కుట్ల మీద చెయ్యేసి ఒట్టు కూడా పెట్టించాడు. అప్పుడు పడింది సంతకం. శుక్రవారం పొద్దున్న ఆయనే తుపాకి తీసుకుని ఆ మలయాళీ ఆయన దగ్గరికి వెళ్తే లో రింగులు వేసి పది నిమిషాల్లో బిగించేశాడట. అర్బాబ్ మళ్లీ ఓడిపోయాడనుకోండి, కానీ మొహం చెక్కుచెదరలేదు.

ఊళ్లో దిగాక అసలు పరీక్ష మొదలైంది. మామగారు నా కనుబొమ్మ చూసి, "అదేంటి బాబూ?" అన్నాడు. తుపాకి తగిలిందని చెప్తే పిల్లనిస్తాడా? "పనిలో పైపు తగిలిందండి," అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా, చేతిపని ఉన్న కుర్రాడు!" అని ఊరంతా చెప్పుకున్నాడు. వీధరుగు మీద కూర్చున్న లక్ష్మి నాయనమ్మ మాత్రం నా మొహంకేసి అదోలా చూసింది. బాసికం పక్కకి సర్దించుకున్నాను, ఎడమవైపు నుంచే తియ్యమని ఫోటోగ్రాఫర్ని బతిమాలుకున్నాను. పెళ్లి గట్టెక్కింది.

మూడోరోజు అత్తారింట్లో ఉన్నాం. పొద్దున్నే పెరట్లో బోరు మోటారు వేస్తే పైపు దగ్గర క్లాంపు వదులై నీళ్లు చిమ్ముతున్నాయి. చుట్టాలందరూ పోగయ్యారు. మామగారు గర్వంగా నన్ను పిలిచాడు.

"అల్లుడుగారూ, ఇది మీ పనే. కాస్త చూడండి."

చూశాను. అర తిప్పు తిప్పితే సరిపోయే బోల్టు. ఓస్ ఇంతేనా అని నోటిదాకా వచ్చింది. అప్పుడే కుట్లు పీకిన చోట దురదపెట్టింది. అర్బాబ్ మొహం కళ్లముందు కనిపించింది. వద్దు సత్తిబాబూ, ఒట్టు పెట్టావు, మళ్లీ గొప్పలకి పోకు అనుకుని,

"నాకు తెలీదండీ మావయ్యగారూ," అన్నాను.

జీవితంలో మొదటిసారి నా అంతట నేనే ఆ మాట అన్నాను. అదీ ఈ భూమ్మీద నాకు తెలిసిన ఒకే ఒక్క పనికి!

నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. మామగారు నా కనుబొమ్మకేసి చూశాడు, పైపుకేసి చూశాడు, మళ్లీ నా కనుబొమ్మకేసి చూశాడు.

"పైపుల పని తెలీదంటే, మరి ఆ దెబ్బ పైపుది కాదన్నమాట."

"నేను చూసినప్పుడే అనుకున్నా," అంది నాయనమ్మ. "ఆ వంపు చూడండర్రా. అది ఎవత్తో చేతి గాజు దెబ్బ."

ఇంకేముంది! తుపాకి, అర్బాబ్, రబ్బరు, రెడాక్సైడ్, మొత్తం కథ చెప్పాను. ఒక్కరంటే ఒక్కరు నమ్మితే ఒట్టు! నేనలా ఒట్లేస్తుండగానే లక్ష్మి స్పానర్ తెచ్చి బోల్టు అర తిప్పు తిప్పేసి లోపలికి వెళ్లిపోయింది.

నేను తిరిగొచ్చి నెల అవుతోంది. ఆ ఎర్ర క్లాంపుని అర్బాబ్ తన బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాడు. నిన్న లక్ష్మి ఫోన్ చేసింది. అన్నం తిన్నారా, జ్వరం తగ్గిందా అని అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అడిగింది.

"ఏమండీ, నేనేమీ అనుకోను. మా నాన్నకి కూడా చెప్పను. ఆ గాజులావిడ ఎవరండీ?"

ఏం చెప్పమంటారు నన్ను? అర్బాబ్ నేర్పిన మాటే చెప్పాను.

"మా అదరి!"

"ఓహో," అందండీ, "పేరు కూడా చెప్పేశారా!" అని ఠపీమని ఫోన్ పెట్టేసింది.